హేలీ వనం

అడవి అనగానే తెలుగువారి మనస్సులో మెదిలే దృశ్యం ఒకటి ఉంది. కొండల వెనుక కొండలు, వాటిని కప్పిన దట్టమైన చెట్లు, దారి తెలియని లోయలు, ఎక్కడి నుంచో వినిపించే సెలయేటి సవ్వడి. ఆ దృశ్యాన్ని కళ్ళలో నింపుకొని వచ్చి ఇంగ్లండు పల్లెసీమలోని ఒక చిన్న వనం ముందు నిలబడినవానికి మొదట కలిగేది నిరాశే. కొండ లేదు, కోన లేదు. కనుచూపు మేర పరచుకొన్న గోధుమ చేల నడుమ ఎవరో గిరి గీసి వదిలిపెట్టినట్లు ఒక చెట్ల గుంపు. గంటసేపు నడిస్తే దాని చుట్టూ తిరిగి రావచ్చు. 'ఇదా అడవి!' అని పెదవి విరిచి వెనుదిరగడానికి కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి.

కేంబ్రిడ్జి నగరానికి పడమటి దిక్కున సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో, లాంగ్‌స్టో, లిటిల్ గ్రాన్స్‌డెన్ అనే పల్లెల నడుమ ఉన్న హేలీ వనం అటువంటిదే. విస్తీర్ణం దాదాపు 120 ఎకరాలు. 2024 మార్చి మొదట్లో ఒక సెలవునాడు ఆ వనం ముందు నిలబడిన పెద్దమనిషికి కూడా మొదట నిరాశే కలిగింది. ఆయన ముప్పైమూడేళ్ళపాటు అటవీ ఉద్యోగం చేసి, రేంజి అధికారిగా పదవీ విరమణ పొందినవాడు. కొండ అడవుల్లో రాత్రింబవళ్ళు తిరిగినవాడు. పులి అడుగుజాడను చూసి అది ఎంతసేపటి కిందటిదో చెప్పగలిగినవాడు. అటువంటి వానికి పొలాల మధ్య ఉన్న నూట ఇరవై ఎకరాల చెట్లు అడవిగా ఎలా తోస్తాయి?

ఆయన కేంబ్రిడ్జిలో ఇంజనీరుగా పనిచేస్తున్న కూతురి ఇంటికి వచ్చి నెల రోజులయింది. చలికి భయపడి కిటికీ దగ్గరి కుర్చీలోనే పొద్దు పుచ్చుతున్న తండ్రిని చూసి కూతురు నొచ్చుకొంది. "నాన్నా, మీరు చెట్లు లేనిచోట ఉండలేరు. ఇక్కడికి దగ్గరలో ఏడు వందల ఏళ్ళుగా లెక్కలు ఉన్న అడవి ఒకటుంది. చూసి వద్దాం రండి" అని బయలుదేరదీసింది. పదకొండేళ్ళ మనుమరాలు కూడా వెంట వచ్చింది.

ఆ కుటుంబంలో ఆయన చెప్పే కథ ఒకటి ప్రసిద్ధం. పండుగకు బంధువులు చేరినప్పుడల్లా ఎవరో ఒకరు అడిగి మరీ చెప్పించుకొనేవారు. 1987 వేసవిలో, ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో, తెల్లవారుజామున కనుమ దిగువన కాపు కాశాడు. అడవి నుంచి కట్టెల మోపులతో దిగుతున్న ఆడవారు ఆయనను చూసి మోపులు పారవేసి పరుగెత్తారు. ఒకామె మాత్రం పరుగెత్తలేకపోయింది. ఆమె ఏడ్చింది, కాళ్ళు పట్టుకొంది. ఆయన చలించలేదు. మోపును స్వాధీనం చేసుకొన్నాడు, అపరాధ రుసుము విధించాడు, చేతిలోని మచ్చుకత్తిని లాక్కొన్నాడు. "చట్టం ముందు కన్నీళ్ళు చెల్లవు" అన్న మాటతో ఆయన ఆ కథను ముగించేవాడు. వినేవారు ఆయన నిక్కచ్చితనాన్ని మెచ్చుకొనేవారు. కూతురు చిన్ననాటి నుంచి ఆ కథను ఎన్నిమార్లు విన్నదో లెక్క లేదు.

రోడ్డు నుంచి వనానికి చేల గట్టున నడిచిపోవాలి. అక్కడి నేల బరువైన బంకమన్ను. చలికాలపు వానలకు నాని, బూట్లను వదలకుండా పట్టుకొంటుంది. వనం అంచుకు చేరుకోగానే ఆయన చూపు ముందుగా చెట్ల మీదికి కాక నేల మీదికి పోయింది. వనం చుట్టూ ఒక మట్టికట్ట, దాని వెలుపల ఒక కందకం ఉన్నాయి. కట్ట కరిగి గుండ్రబడింది, కందకం సగం పూడింది. అయినా అవి మనుష్యులు ప్రయత్నించి చేసినవేనని చెప్పకనే తెలుస్తోంది. అవి తిన్నగా సాగక పాము నడకలాగా వంకరలు తిరుగుతూ పోతున్నాయి. కొలబద్ద పట్టి హద్దులు గీసే కాలానికి ఎంతో ముందటివని ఆ వంకరలే సాక్ష్యం చెబుతున్నాయి.

లోపల నూరు గజాలు నడిచేసరికి ఆయన అడుగు ఆగిపోయింది. ఎదురుగా చెట్లు నరికి చదును చేసిన జాగా. నేలకు జానెడు ఎత్తున కోసిన మోళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఒక పక్క పొడవైన కర్రలు, మరొక పక్క వంటచెరకు, ఇంకొక పక్క సన్నని రెమ్మలు కుప్పలుగా పేర్చి ఉన్నాయి. పదిమంది దాకా మనుష్యులు కత్తులతో, రంపాలతో పని చేసుకొంటున్నారు. వారిలో ఎక్కువ మంది వయస్సు మళ్ళినవారు.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఉన్నదే ఇంత. దానినీ నరుకుతున్నారా! ఇది రక్షిత వనమని చెప్పావు కదమ్మా?" అని కూతురిని నిలదీశాడు. ఎక్కడ గొడ్డలి చప్పుడు వినిపించినా అటు పరుగెత్తడం ముప్పైమూడేళ్ళుగా ఆ కాళ్ళకు అలవాటు.

ఆయన గొంతులోని కోపాన్ని భాష తెలియకపోయినా పసిగట్టినట్లున్నాడు, డెబ్బై ఏళ్ళు దాటిన ఒక వృద్ధుడు పని ఆపి దగ్గరికి వచ్చాడు. కూతురు తండ్రిని పరిచయం చేసింది. భారతదేశంలో అటవీ అధికారిగా పనిచేశారని వినగానే ఆ వృద్ధుని ముఖం వికసించింది. "అయితే మీకు నేను కొత్తగా చెప్పవలసింది ఏముంటుంది? ఇది కాపిస్ పద్ధతి. మీరు చదువుకొనే ఉంటారు" అన్నాడు.

నిజమే, ఆయన చదువుకొన్నాడు. శిక్షణ కాలంలో ఆ పద్ధతి గురించి పరీక్షలో నాలుగు పుటలు రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నాడు కూడా. ఆకురాల్చే చెట్లను కొన్నింటిని నేలకు దగ్గరగా కోస్తే అవి చావవు. వేళ్ళలో దాచుకొన్న బలంతో మోడు నుంచి అనేక పిలకలు వేస్తాయి. కొన్నేళ్ళకు అవి వాడుకకు తగిన కర్రలవుతాయి. వాటిని మళ్ళీ కోయవచ్చు. అడవిని మళ్ళుగా విభజించి, ఏడాదికి ఒక మడి చొప్పున వంతుల వారీగా కోసుకొంటూ పోతే, చివరి మడి కోసేనాటికి మొదటి మడి మళ్ళీ కోతకు సిద్ధమవుతుంది. ఇదంతా ఆయనకు కంఠస్థం. అయితే పుస్తకంలో చదివినదాన్ని ఏడు శతాబ్దాల నేల మీద చూడడం ఆయనకు అదే మొదటిసారి.

వృద్ధుడు ఓపికగా చూపించసాగాడు. హేలీ వనంలో చెట్లు రెండు వరుసలుగా పెరుగుతాయి. పై వరుసలో అక్కడక్కడ ఓక్ మానులు. ఇంటి దూలాలకు, పెద్ద నిర్మాణాలకు పనికివచ్చే కలప కోసం వాటిని ఎన్నో దశాబ్దాలపాటు నిలువనిస్తారు. కింది వరుసలో హేజెల్, యాష్, మేపుల్ దుబ్బులు. వంతు వచ్చినప్పుడు కోసేవి ఇవే. వెనుకటి కాలంలో హేజెల్ బద్దలతో తడికలు అల్లి, వాటిపై మట్టి మెత్తి ఇళ్ళ గోడలు కట్టేవారు. గడ్డికప్పును బిగించే పుల్లలు, గొర్రెల దొడ్లకు దడులు వీటితోనే చేసేవారు. యాష్ కర్ర పనిముట్ల పిడులకు పేరు పొందింది. మిగిలినదంతా పొయ్యిలోకి పోయేది. ఒక పల్లె బ్రతుకంతా ఆ దుబ్బుల మీద ఆధారపడి సాగేది.

"ఇటు చూడండి" అంటూ ఆయన ఒక యాష్ దుబ్బు దగ్గరికి తీసుకొనిపోయాడు. అది ఒక చెట్టు మొదలులా లేదు. నడుమ బోలుగా ఉండి, బావి ఒరలాగా వలయాకారంలో వ్యాపించి ఉంది. ఆ వలయం చుట్టూ కర్రలు లేచి నిలబడ్డాయి. కోసిన ప్రతిసారీ పిలకలు అంచున పుట్టుకొని వస్తూ ఉండడం వల్ల దుబ్బు ఏటేటా వెలుపలికి పెరుగుతుంది. నరకకుండా వదిలిన యాష్ చెట్టు రెండు మూడు వందల ఏళ్ళకు వయస్సు ఉడిగి కూలిపోతుంది. కోస్తూ వచ్చిన దుబ్బు అంతకంటె ఎంతో ఎక్కువ కాలం జీవిస్తుంది. కత్తి దాని ఆయువును తీయలేదు, పెంచింది.

ఆ మాట విన్న అధికారి ఏమీ అనలేదు. మోకాళ్ళ మీద వంగి దుబ్బు బెరడును అరచేతితో తడిమి చూశాడు.

హేలీ వనం చరిత్ర చిన్నది కాదు. ఆ కాలంలో ఈ వనం ఈలీ బిషప్ అధీనంలో ఉండేది. 1251లో బిషప్ భూములన్నింటినీ సర్వే చేయించి రాయించిన గ్రంథంలో ఈ వనం పేరు కనిపిస్తుంది. ఇంగ్లండులో 1600 సంవత్సరం నుంచి ఎడతెగకుండా నిలిచి ఉన్న అడవులను ప్రాచీన వనాలుగా గుర్తిస్తారు. ఆ లెక్కన హేలీ ప్రాచీనులలో ప్రాచీనం. ఇంత చరిత్ర వెలుగులోకి రావడానికి ముఖ్య కారకుడు ఆలివర్ రాక్‌హామ్ అనే శాస్త్రవేత్త. 1939లో జన్మించి 2015లో మరణించిన ఆయన కేంబ్రిడ్జిలోని కార్పస్ క్రిస్టీ కళాశాలలో ఆచార్యుడు. పాత దస్తావేజులను ఎంత శ్రద్ధగా చదివాడో, కట్టలను, కందకాలను, దుబ్బులను అంత శ్రద్ధగా చదివాడు. ఈ ఒక్క వనం గురించి 1975లో ఒక గ్రంథమే వెలువరించాడు.

ఇరవయ్యో శతాబ్దంలో బొగ్గు, ఇనుము, ఇతర వస్తువులు కలప స్థానాన్ని ఆక్రమించాయి. తడికలు అల్లేవారు లేరు, కట్టెల పొయ్యిలు లేవు. హేలీలో కోతలు ఆగిపోయాయి. కత్తి పడకపోతే అడవి సుఖంగా ఉండాలి కదా? అట్లా జరగలేదు. దుబ్బులు పెరిగి గొడుగులా అల్లుకొన్నాయి. కింద చీకటి కమ్మింది. వెలుతురు కోసం వేచి ఉండే పూలమొక్కలు క్షీణించసాగాయి. 1962లో ఆ కౌంటీకి చెందిన ప్రకృతి పరిరక్షణ సంస్థ ఈ వనాన్ని కొనుగోలు చేసింది. కొన్నవారు దాని చుట్టూ కంచె వేసి తాళం బిగించలేదు. మళ్ళీ కత్తి పట్టుకొన్నారు. ఆనాటి నుంచి స్వచ్ఛంద సేవకులు చలికాలంలో ఒక్కొక్క మడిని కోస్తూ వస్తున్నారు. పక్షులు గూళ్ళు కట్టుకొనే వేళకు పని ముగిస్తారు.

అంతా విన్న తరువాత అధికారి తన సందేహాన్ని దాచుకోలేదు. "మా దేశంలో ఇది చెల్లదు. మాకు జనం ఎక్కువ, పశువులు ఎక్కువ. ఒకరికి కొమ్మ కొట్టనిస్తే నూరుమంది గొడ్డళ్ళతో వస్తారు. చిగురు కనబడితే మేకలు వదలవు" అన్నాడు.

వృద్ధుడు తల ఊపాడు. "మీరన్నది నిజం. ఈ కట్ట, ఈ కందకం ఎందుకు తవ్వారనుకొన్నారు? పశువులు లోపలికి రాకుండా ఉండడానికే. ఇప్పుడు పశువులు లేవు, లేళ్ళు ఉన్నాయి. వాటిని వేటాడే మృగాలు ఈ దేశంలో లేవు కనుక అవి విపరీతంగా పెరిగాయి. చైనా నుంచి తెచ్చి పెంచుకొన్న మంట్‌జాక్ అనే చిన్న లేళ్ళు కూడా తోటల నుంచి తప్పించుకొని అడవుల్లో స్థిరపడ్డాయి. కోసిన మడికి కంచె వేయకపోతే ఒక్క చిగురు మిగలదు. కోయడం సగం పనే. కోసిన తరువాత కాపాడడం మిగతా సగం. ఆ సగం చేయనివాడు కోసినవాడు కాడు, నరికినవాడు."

"మరి పేదవాళ్ళను ఈ వనంలోకి రానిచ్చేవారా?" అని అడిగాడు అధికారి. ఆ ప్రశ్న తన నోట ఎందుకు వచ్చిందో ఆయనకే తెలియదు.

వృద్ధుడు చిన్నగా నవ్వాడు. "అంత గొప్పగా ఊహించుకోకండి. ఈ దేశంలో కొన్నిచోట్ల పల్లెవారికి ఎండుకట్టెలు ఏరుకొనే హక్కులు ఉండేవి. ఆ హక్కుల కోసం తగవులూ ఉండేవి. కట్టెలు దొంగిలించారని పేదలకు జరిమానా విధించిన పాత పత్రాలు మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి" అని తన చేతిలోని కత్తిని ఆయనకు అందించాడు. "ఒక కర్ర కోసి చూస్తారా?"

అధికారి కత్తిని అందుకొన్నాడు. పొట్టి చెక్క పిడి, వెడల్పాటి అలుగు, కొన దగ్గర లోపలికి తిరిగిన వంపు. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరువాత కోయకుండానే తిరిగి ఇచ్చివేశాడు. "ఇటువంటిది మా ఊళ్ళలోనూ ఉంటుంది. మచ్చుకత్తి అంటారు" అన్నాడు.

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. ఇంటి వెనుక చెట్ల కొమ్మలు గాలికి రాసుకొంటూ చేసే చప్పుడు వింటూ పడుకొన్నాడు. ముప్పై ఏడేళ్ళ నాటి తెల్లవారుజాము కళ్ళ ముందు నిలిచింది. ఆమె ఏడ్చిన సంగతి, కాళ్ళు పట్టుకొన్న సంగతి ఆయన ఎన్నోమార్లు చెప్పాడు. ఏడ్వడానికి ముందు ఆమె ఒక మాట అన్నది. ఆ మాటను మాత్రం ఆయన ఎన్నడూ చెప్పలేదు. అబద్ధం చెప్పాలని దాచలేదు. కథకు అది అవసరం లేదనుకొన్నాడు. చెప్పగా చెప్పగా ఆ మాట కథలో నుంచి జారిపోయింది. అయితే జ్ఞాపకంలో నుంచి జారిపోలేదు.

ఇంకొక సంగతి కూడా ఆయనకు తోచింది. అదే అడవిలో ఏటా మాఘ ఫాల్గుణాల్లో తునికి చెట్ల కొమ్మలు కొట్టించే పనిని ఆయనే దగ్గరుండి చేయించేవాడు. కొమ్మ కొట్టిన తునికి వేసవికి లేత ఆకు వేస్తుంది. ఆ ఆకు బీడీలకు శ్రేష్ఠం. కొట్టినచోట చిగురు వస్తుందన్న సత్యాన్ని ఆయన ప్రభుత్వ ఆదాయపు లెక్కల్లో ప్రతి ఏడూ రాశాడు. ఒక ఆడమనిషి నోట అదే సత్యాన్ని విన్నప్పుడు మాత్రం అది సాకుగా తోచింది.

తరువాత 1990లలో వన సంరక్షణ సమితులు వచ్చాయి. అడవిని ఆనుకొని ఉన్న పల్లెలను అడవి కాపుదలలో భాగస్వాములను చేయాలన్నది వాటి ఆశయం. ఆయన ఎన్నో పల్లెల్లో సభలు పెట్టాడు, ఉపన్యాసాలు ఇచ్చాడు. అడవి మీది, మీరే కాపాడుకోవాలి అని చెప్పాడు. ఆ సభల్లో వెనుక వరుసల్లో కూర్చొన్న ఆడవారు ఏమనుకొన్నారో ఆయన అడగలేదు. చెప్పడమే తప్ప అడగడం ఆ ఉద్యోగంలో ఎవరూ నేర్పలేదు. ఆయనా నేర్చుకోలేదు.

అయినా ఆయన తనను తాను పూర్తిగా దోషిగా నిలబెట్టుకోలేకపోయాడు. ఆయన కాపలా కాయకపోతే ఆ కొండలు బోడిగుట్టలు అయ్యేవన్నది కూడా అంతే నిజం. లారీలతో టేకు దుంగలు తరలించేవారిని రాళ్ళ దెబ్బలకు ఓర్చి పట్టుకొన్న రాత్రులు ఉన్నాయి. కాపలా తప్పు కాదు. లారీకి, మోపుకు నడుమ భేదం చూడకపోవడం తప్పు. మానుకు, కొమ్మకు నడుమ ఉన్న భేదాన్ని చెప్పిన మనిషి మాట వినిపించుకోకపోవడం తప్పు. తెల్లవారేవరకు ఆలోచించి ఆయన చేరుకోగలిగిన తీర్పు ఇంతే.

ఏప్రిల్ నడిమికి ఎండలు కాస్త ముదిరాయి. "ఆ అడవికి మళ్ళీ పోదామా?" అని ఈసారి ఆయనే అడిగాడు.

చేల గట్టు ఆరి నడవడానికి సుఖంగా ఉంది. వనం రూపు మారిపోయింది. ఓక్ మానులు ఇంకా చిగురు వేయలేదు. హేజెల్ ఆకులు మాత్రం చిన్న విసనకర్రల్లా విచ్చుకొంటున్నాయి. మార్చిలో కోసిన మడిలోని మోళ్ళ అంచుల మీద ఎర్రని మొగ్గలు పొడుచుకొని వచ్చాయి. దానికి అవతల, రెండేళ్ళ కిందట కోసిన మడి చుట్టూ ఎత్తైన కంచె ఉంది. కంచె పక్కన నిలబడిన ఆ ముగ్గురూ కాసేపు మాట మరచిపోయారు.

మడి నిండా పూలు. లేత పసుపు రంగు ఆక్స్‌లిప్ పూలు గుత్తులు గుత్తులుగా, అన్నీ ఒకే వైపుకు తలలు వంచి నిలబడ్డాయి. వాటి నడుమ తెల్లని ఎనిమోన్లు నక్షత్రాల్లా మెరుస్తున్నాయి. కొంచెం ఎగువన ఆరుదల నేలలో బ్లూబెల్ మొగ్గలు నీలంగా తొంగిచూస్తున్నాయి. ఆక్స్‌లిప్ బ్రిటన్‌లో అంతటా కనిపించే పువ్వు కాదు. తూర్పు ఇంగ్లండులోని ఇటువంటి బంకనేలల పాత వనాల్లోనే అధికంగా పూస్తుంది. చీకటిలో అది చావకుండా ఓర్చుకొంటుంది. పైన కొమ్మలు కోసి వెలుతురు దిగిన రెండో మూడో వసంతంలో విరగబూస్తుంది. దుబ్బులు మళ్ళీ అల్లుకొన్న తరువాత పూత తగ్గించుకొని, తరువాతి కోత కోసం ఎదురుచూస్తుంది.

వనం దక్షిణపు అంచున పాత రైలుదారి ఉంది. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిల నడుమ నడిచిన ఆ బండ్లు 1967 చివరితో ఈ దారిలో ఆగిపోయాయి. రైలుకట్టకు, వనానికి మధ్య చిక్కిన మూడు మూలల పొలాన్ని సుమారు వంద సంవత్సరాల క్రితం సాగు మానివేశారు. ఎవరూ నాటకుండానే అక్కడ చెట్లు మొలిచి అది కూడా అడవి అయింది. చెట్లు త్వరగానే వచ్చాయి. ఆక్స్‌లిప్ మాత్రం పాత వనం అంచు నుంచి ఆ కొత్త అడవిలోకి నెమ్మదిగా, ఏడాదికి కొన్ని అడుగుల చొప్పున నడిచి పోతోందని పరిశీలకులు గుర్తించారు. చెట్లను పదేళ్ళలో పెంచవచ్చు. అడవిని పెంచడానికి కాలం కావాలి. అధికారి తాను నాటించిన వేల ఎకరాల మొక్కలను తలచుకొని మౌనంగా ఉండిపోయాడు.

ఆ వనానికి ఆపద తొలగిపోయిందని చెప్పడానికి లేదు. యాష్ చెట్లను ఎండబెట్టే శిలీంధ్రపు తెగులు 2012లో బ్రిటన్ అడవుల్లో బయటపడింది. ఆ తెగులు ఈ ప్రాంతానికీ పాకింది. శతాబ్దాలుగా కత్తిని తట్టుకొన్న దుబ్బుల్లో కొన్ని కంటికి కనిపించని బూజుకు ఓడిపోతున్నాయి. దారి పక్కన కొన్ని యాష్ కొమ్మలు ఆ వసంతంలో కూడా మోడువారి ఉన్నాయి. వాటిలో ఏవి తట్టుకొని నిలుస్తాయో కాలమే చెప్పాలి. వనాన్ని కాపాడేవారు అందుకోసం ఆగకుండా తమ వంతు పని తాము చేసుకొనిపోతున్నారు.

మనుమరాలు కంచె పక్కన నిలబడి, రెండేళ్ళ హేజెల్ పిలకలతో తన ఎత్తును సరిచూసుకొంది. అవి ఆమె తల దాటి మూరెడు ఎత్తు పెరిగాయి. "తాతయ్యా, వీటిని కోసినప్పుడు చచ్చిపోయాయనుకొన్నావా?" అని అడిగింది.

"అనుకొన్నానమ్మా."

"నీ కట్టెల కథలో కూడా చెట్లు నరికారు కదా. ఆ కథ మళ్ళీ చెప్పవూ?"

కూతురు నవ్వి, కథ ముగింపు మాటను తండ్రి కంటె ముందే అనబోయింది. తండ్రి ముఖం చూసి ఆగిపోయింది.

ఆయన పడిపోయిన ఒక ఓక్ దుంగ మీద కూర్చొన్నాడు. కనుమను, తెల్లవారుజామును, పరుగెత్తిన ఆడవారిని ఎప్పటిలాగే వర్ణించాడు. పరుగెత్తలేనామె దగ్గరికి వచ్చేసరికి కాస్త ఆగాడు.

"ఆమె వెంటనే ఏడ్వలేదు. మోపు కిందికి దించి, కర్రలు విప్పి నాకు చూపించింది. 'అయ్యా, మాను మీద చెయ్యెయ్యలే. కొమ్మలే కొట్టుకున్నా. నాలుగు వానలు పడితే మల్లా చిగురేస్తది' అన్నది. నేను ఆ కర్రల వైపు చూడలేదు. చెట్లు నరికిందని రాశాను. ఆ తరువాతే ఆమె ఏడ్చింది."

కూతురు తండ్రి వైపు తిరిగి చూసింది. ఎన్నోమార్లు విన్న ఆ కథలో ఈ మాటలు ఆమె ఎన్నడూ వినలేదు.

"ఆమె చెప్పింది నిజమేనా తాతయ్యా?" అని అడిగింది మనుమరాలు.

"నిజమే. నేను మరుసటి ఏడాది ఆ దారినే వెళ్ళాను. కొట్టిన ప్రతి చెట్టూ చిగురించింది. నా కళ్ళతో చూశాను."

"మరి ఆమె కత్తి తిరిగి ఇచ్చేశావా?"

"లేదమ్మా."

ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. ఆయన కూడా చట్టం గురించిన మాటతో ఆ కథను ముగించలేదు. కంచెకు అవతల ఆక్స్‌లిప్ పూలు గాలికి ఒకే వైపుకు ఊగుతున్నాయి. కాసేపటికి ముగ్గురూ లేచి, పాత కట్ట దాటి, చేల గట్టున ఇంటి దారి పట్టారు.